నర్సరీగారి పట్టు

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మాది పాలకొల్లు. ఉద్యోగం వచ్చిన కొత్తలో దానవాయిపేటలో మా పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను చెప్పులేసుకుంటుంటే పిన్ని ప్రతివారం ఒకే మాట అడిగేది.

"పెళ్ళి కావలసిన పిల్లవి. ఆదివారం పూట ఆ కొట్టుకునే ఆటేంటే తల్లీ?"

"కొట్టుకునేది బొమ్మలు పిన్నీ, మేం కాదు."

"చూసేవాళ్ళకి ఆ తేడా తెలుస్తుందా?"

పిన్నికి అర్థమయ్యేలా చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. టీవీ తెర మీద ఇద్దరే ఉంటారు. ఒకరు నువ్వు, ఒకరు ఎదుటి మనిషి. పైన ఇద్దరికీ చెరో పచ్చగీత, అదే ప్రాణం. దెబ్బ తగిలినప్పుడల్లా గీత తరుగుతుంది. ఎదుటివాళ్ళ గీత అయిపోతే రౌండు నీది. రెండు రౌండ్లు గెలిస్తే ఆట నీది. ఇందులో పేకముక్కల్లా అదృష్టం ఉండదు, క్రికెట్టులోలా పక్కవాళ్ళ సాయం ఉండదు. ఓడిపోతే నువ్వే ఓడిపోయావు. నాకు నచ్చింది అదే.

భీమవరంలో ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేటు లాప్‌టాప్ మీద నేర్చుకున్నాను. చదువయ్యాక ఆ అమ్మాయి బెంగుళూరు వెళ్ళిపోయింది. ఆట మాత్రం నా దగ్గర ఉండిపోయింది. రాజమండ్రి వచ్చాక వెతికితే దేవీచౌక్ దగ్గర ఒక జిరాక్స్ షాపు మేడ మీద గేమింగు షాపు కనిపించింది. నాలుగు టీవీలు, ప్లాస్టిక్ కుర్చీలు, గట్టిగా శబ్దం చేసే ఒక ఫ్యాను. వారమంతా అక్కడ క్రికెట్టూ ఫుట్‌బాలూ ఆడేవాళ్ళు. ఆదివారం రెండు నుంచి ఆరు దాకా కిటికీ పక్క టీవీ మాత్రం మాది. మేం ఏడెనిమిది మందిమి. ఒక మెడికల్ రిప్రజెంటేటివు, నలుగురు పాలిటెక్నిక్ విద్యార్థులు, కాకినాడ నుంచి బస్సులో వచ్చే అన్నదమ్ములిద్దరు. ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే. వాళ్ళందరి మీదా నేనే గెలిచేదాన్ని. గొప్ప కోసం చెప్పడం లేదు. అలా గెలిచి గెలిచి నాకు ఆట మీద విసుగు మొదలైన రోజుల్లోనే ఆయన వచ్చారు.

నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చెప్పులకి తడి మన్ను, చంకలో గోనెసంచిలో చుట్టిన పెట్టె. కడియంలో నర్సరీ ఉందట. షాపాయన గులాబీ మొక్కలు కొనడానికి వెళ్ళినప్పుడు మాటల్లో ఈ ఆట సంగతి వచ్చిందట. గోనెసంచి విప్పితే లోపల టేకు చెక్కతో చేసిన పెట్టె ఉంది. పైన ఎడమవైపు గుండ్రటి పిడి ఉన్న కర్ర, కుడివైపు రెండు వరసల్లో ఆరు మీటలు. చిన్నప్పుడు సినిమాహాలు పక్కన బిళ్ళ వేసి ఆడే మిషన్ల మీద నేర్చుకున్నారట. ఆ మిషన్లు పోయాక చేతికి ఇంకేవీ పట్టక ఆయనే ఆ పెట్టె చేసుకున్నారు.

"టీచరు గారంట కదండీ మీరు. మీతో ఒక ఆట ఆడొచ్చాండి?" అన్నారు.

ఆయన ఎంచుకున్న బొమ్మను చూసి కాకినాడ అన్నదమ్ములు నవ్వారు. అది కొండలాంటి మల్లయోధుడి బొమ్మ. మేం వస్తాదు అనేవాళ్ళం. నడక నెమ్మది, దూరం నుంచి కొట్టడానికి ఏమీ ఉండదు. దగ్గరికొచ్చి పట్టుకుంటే మాత్రం ఒక్క పట్టుకి గీతలో మూడోవంతు పోతుంది. ఆ పట్టు రావాలంటే కర్రను గిర్రున ఒక చుట్టు తిప్పి, సరిగ్గా ఆ చుట్టు ముగిసేచోట మీట నొక్కాలి. ఆ చుట్టులో కర్ర పైవైపుకి కూడా వెళుతుంది కాబట్టి, మీట సమయానికి పడకపోతే వస్తాదు పట్టుకోవడం మానేసి ఉన్నచోటే గాల్లోకి ఎగురుతాడు. ఎగిరినవాడు కిందికి దిగేదాకా దెబ్బలు తినడమే. అందుకే ఆ బొమ్మను ఎవరూ ముట్టుకునేవారు కాదు.

నాది సన్నగా, గాలిలా తిరిగే ఆడబొమ్మ. మేం దాన్ని పిల్ల అనేవాళ్ళం. నేను ఎప్పటిలాగే చుట్టుముట్టి కొట్టాను. ఆయన కదల్లేదు. చాలావరకు కాచుకున్నారు, కొన్ని తిన్నారు. గెలిచేశాననుకున్నప్పుడు వస్తాదు చెయ్యి చాచి నా పిల్లను పట్టుకున్నాడు. మళ్ళీ ఒకసారి. మళ్ళీ. రెండు రౌండ్లూ అలాగే పోయాయి.

"మీరు చాలా ఫాస్టండి. కానీ మూడు దెబ్బలు కొట్టాక ఊపిరి తీసుకుంటారు. అక్కడ పట్టుకున్నానండి" అన్నారు.

"ఊపిరి తీసుకోవడమేంటండీ? బొమ్మ ఊపిరి తీసుకోదు కదా!"

"బొమ్మ కాదండి, మీరే. భుజం లేస్తోంది."

నన్ను అంత శ్రద్ధగా అంతకుముందు ఎవరూ చూడలేదు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా.

తర్వాత రెండేళ్ళు ప్రతి ఆదివారం ఆడాం. మేమంతా ఆయన్ని నర్సరీగారు అనేవాళ్ళం. ఆయనకి నేను టీచరు గారు. మొదటి ఆరు నెలలూ ఒక్క ఆటా గెలవలేదు. తర్వాత పదింటికి ఒకటి, ఐదింటికి ఒకటి, చివరికి సగం సగం. ఆయన నాకు నేర్పింది ఒకటే, ఆగడం. "కొట్టాలనిపించినప్పుడల్లా కొట్టకండి టీచరు గారు. ఎదుటివాడికి మీరు కొడతారనిపించాలి, అంతే" అనేవారు. నేనాయనకు ఏమైనా నేర్పానో లేదో తెలియదు. మంచి పట్టు పడినప్పుడు గట్టిగా నవ్వేవారు, ఓడిపోయినప్పుడు ఇంకా గట్టిగా నవ్వేవారు. అప్పుడప్పుడూ పిన్నికి ఇమ్మని మల్లె మొక్కో, రెక్కమందారం మొక్కో నల్లకవర్లో పెట్టి తెచ్చేవారు. పెరడు నిండుతున్నకొద్దీ పిన్ని మాట మారింది. "ఆ నర్సరీ ఆయన వచ్చాడా ఈవారం?" అని తనే అడగడం మొదలుపెట్టింది.

దాన్ని స్నేహం అనొచ్చో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆట గురించి తప్ప మేం ఏమీ మాట్లాడుకోలేదు. ఆయనకి పిల్లలున్నారో లేదో నేను అడగలేదు. నాకు పెళ్ళి సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన వారం ఆయన నన్నేమీ అడగలేదు. కానీ ఆరోజు నాలుగు ఆటలయ్యాక, "ఇవాళ మీ పిల్ల వెనక్కి నడుస్తోందండి. ఎప్పుడూ నడవదు" అన్నారు. ఆయన వెళ్ళి నాకొక టీ తెచ్చి పెట్టి, పక్క టీవీ దగ్గరికి వెళ్ళిపోయారు.

దసరా సెలవుల్లో హైదరాబాదులో పెద్ద పోటీ ఉందని మెడికల్ రిప్రజెంటేటివు చెప్పాడు. నేను వద్దన్నాను. నర్సరీగారు ఒప్పుకోలేదు.

"ఇక్కడ నలుగురిలో గెలిస్తే ఏముందండి? మనం ఎక్కడున్నామో తెలియొద్దూ?"

"మా పిన్ని పంపదండి."

ఆ సాయంత్రమే ఇంటికి వచ్చారు. వరండాలో కుర్చీ చివర కూర్చుని పిన్నితో, "మా చెల్లెలు లాంటి మనిషండి. జాగ్రత్తగా తీసుకెళ్ళి తీసుకొచ్చి దింపుతానండి" అన్నారు. పిన్ని ఆయనకి పెరట్లో పూసిన మల్లెలు చూపించింది. అలా మెడికల్ రిప్రజెంటేటివుతో కలిసి ముగ్గురం బయల్దేరాం.

పోటీ ఒక మాల్ పై అంతస్తులో. అరవైమందికి పైగా వచ్చారు. ఆడవాళ్ళం ముగ్గురం. ఒకసారి ఓడిపోతే రెండో వరసలోకి దింపుతారు. రెండోసారి ఓడితే ఇంటికి. నేను మొదటి రెండూ గెలిచాను. ఆయనా గెలిచారు. మూడో ఆటకి గోడమీది కాగితంలో మా ఇద్దరి పేర్లూ ఎదురెదురుగా ఉన్నాయి.

"ఇంతదూరం వచ్చి మనిద్దరమేనా అండీ?" అన్నాన్నేను.

"మరేనండి. అయినా ఇక్కడ మనకంటే బాగా ఆడేవాళ్ళు దొరకాలి కదా" అని నవ్వి గోనెసంచి విప్పారు.

మూడు ఆటల్లో రెండు గెలవాలి. మొదటిది ఆయనది, రెండోది నాది. మూడో ఆట ఆఖరి రౌండుకి వచ్చాం. మా వెనక జనం మూగారు. వస్తాదు ఆడేవాళ్ళు అరుదు, అంత బాగా ఆడేవాళ్ళు ఇంకా అరుదు. నా గీత దాదాపు అయిపోయింది, ఆయనది కొంచెం మిగిలింది. నా పిల్ల మూలకి చేరింది. వెనక్కి దారి లేదు. ఒక్క పట్టు పడితే అయిపోతుంది. ఆయన ఆగారు. నేనూ ఆగాను. ఆ రెండు మూడు క్షణాలు ఎంతసేపో చెప్పలేను. నా జీవితంలో అంత నిశ్శబ్దం నాకు మళ్ళీ దొరకలేదు, చుట్టూ అంత గోల ఉన్నా. తర్వాత ఆయన కర్ర గిర్రున తిరిగిన చప్పుడు వినిపించింది. అయిపోయింది అనుకున్నాను.

వస్తాదు ఉన్నచోటే గాల్లోకి ఎగిరాడు.

నా చేతులు వాటంతటవే కదిలాయి. దిగేలోపు కొట్టాను, దిగాక కొట్టాను, అంతే. జనం అరిచారు. ఎవరో నా వీపు తట్టారు. ఆయన కుడిచేతి వేళ్ళు ప్యాంటుకి రుద్దుకుంటూ, "బాగా ఆడారండి" అన్నారు. నేనాయన మొహం చూశాను. ఆయన నా కళ్ళలోకి చూడలేదు.

ఆ రెండేళ్ళలో ఆయన వస్తాదు అలా ఉత్తినే ఎగరడం నేనొక్కసారి కూడా చూడలేదు. రెండో వరసలో ఆయన తర్వాతి ఆట కూడా ఓడిపోయి బయటికి వచ్చేశారని విన్నాను. ఆ ఆట నేను చూడలేదు. అదే సమయంలో నాది ఇంకో టీవీ మీద నడుస్తోంది. నేను మరొకటి గెలిచి, వరసగా రెండు ఓడి, ఆరోస్థానంలో ఆగాను. రాజమండ్రి నుంచి వచ్చి ఆరోస్థానం అంటే చిన్నదేమీ కాదన్నారు అందరూ. నాకు మాత్రం ఒకటే తొలుస్తోంది.

మర్నాడు పగటి రైల్లో తిరుగు ప్రయాణం. ఏలూరు దాటాక మెడికల్ రిప్రజెంటేటివు నిద్రపోయాడు. అప్పుడడిగాను.

"ఎందుకు వదిలేశారండి?"

"వదల్లేదండి. వేలు జారింది."

"రెండేళ్ళుగా జారని వేలు నిన్న జారిందా? అంతమందిలో ఆడపిల్ల ఓడిపోతే బాగోదనుకున్నారా?"

"అలాంటిదేం లేదండి."

"మీరు నా మీద జాలిపడ్డారు. అది చెప్పడానికి కూడా మీకు నోరు రావడం లేదు."

ఆయన కిటికీలోంచి చేపల చెరువుల వైపు చూస్తూ కూర్చున్నారు. స్టేషన్లో దిగాక మాట ప్రకారం నన్ను ఆటోలో పిన్ని గుమ్మం దాకా దింపారు. "వస్తానండి" అన్నారు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఆదివారాలు నేను షాపుకి వెళ్ళలేదు. ఒక నెల కోపంతో, తర్వాత మొహం చెల్లక. మరికొన్నాళ్ళకి ట్యూషన్లు పెట్టుకున్నాను, ఆ వంక దొరికింది. పిన్ని రెండుమూడుసార్లు అడిగి ఊరుకుంది.

జూన్‌లో స్కూలు తెరిచాక కాంపౌండు చుట్టూ మొక్కలు నాటించాలని హెడ్మిస్ట్రెస్ నన్నూ పి.ఇ.టి. మాష్టారినీ కడియం పంపారు. ఆయన నర్సరీ ఎక్కడో నాకు తెలియదు. నేను వెతకను కూడా లేదు. మూడో నర్సరీలో చెట్ల నీడన స్టూలు మీద కూర్చుని ఒకావిడ మామిడి అంట్లు కడుతోంది. ఆమె వెనక, మొక్కల వరసల మధ్య, కుడిచేతి మణికట్టుకి పట్టీ వేసుకుని ఆయన నిలబడి ఉన్నారు.

"టీచరు గారా!" అన్నారు. నేను ఏడెనిమిది నెలలు మాట్లాడకుండా ఉన్న సంగతే ఎరగనట్టు.

ఆవిడ తలెత్తింది. "మీరేనా అండి టీచరు గారు? కూర్చోండి. మీ గురించి చెప్పని ఆదివారం లేదండి ఈయన." స్టూలు నా వైపు జరిపి, నేను పట్టీ వైపు చూడడం గమనించింది. "ఆపరేషనైందండి. కిందటేడు వేసవి నుంచీ వేళ్ళు తిమ్మిర్లు. కత్తి చేతిలోంచి జారి పడిపోయేది. నాక్కూడా చెప్పలేదండి చాన్నాళ్ళు. అంట్లు కట్టేవాడి చెయ్యి పాడైందంటే మొక్కల కోసం లారీ ఎవడు పంపిస్తాడు అని. చూపించుకునేసరికి లేటైపోయిందన్నారు డాక్టరు గారు."

కిందటేడు వేసవి. దసరాకి నాలుగు నెలల ముందు.

పి.ఇ.టి. మాష్టారు క్రోటన్ల బేరంలో ఉన్నారు. నర్సరీగారు నన్ను నీడ కోసం కట్టిన నెట్ల కింద వరసలు చూపిస్తూ తీసుకెళ్ళారు. నాకు ఏ మొక్కా కనిపించలేదు.

"ఆరోజు నిజంగానే వేలు జారింది" అన్నాను.

"జారిందనే చెప్పాను కదండీ. నొక్కాననుకున్నాను. వేలి కింద మీట ఉన్నదో లేదో తెలియలేదండి."

"మరి రైల్లో ఎందుకు చెప్పలేదండి? అన్ని మాటలన్నాను."

"ఏం చెప్పమంటారండి? చెయ్యి బాగోక ఓడిపోయానంటే మీ గెలుపు ఏమైపోతుంది?" ఎడమచేత్తో ఒక ఎండుటాకు తుంచి, "కోపమొస్తే ఇంకా గట్టిగా ఆడతారులే అనుకున్నానండి. అసలు రావడమే మానేస్తారనుకోలేదు" అన్నారు.

ఆ తర్వాత షాపాయన చెప్పాడు. దసరా అయ్యాక మూడు ఆదివారాలు ఆయన వచ్చి కిటికీ పక్క టీవీ దగ్గర కూర్చున్నారట. ఎవరైనా ఆడదామంటే, "టీచరు గారు వస్తారేమో చూసి ఆడతానండి" అన్నారట. నాలుగో వారం రాలేదు.

పట్టీ తీశాక ఒకసారి ఆడదామన్నాను. ఆగస్టులో ఒక ఆదివారం వచ్చారు. అదే పెట్టె, అదే వస్తాదు. రౌండు మొదలైన కాసేపటికే మీటల మీద ఆయన వేళ్ళు చూశాను. చూపుడువేలూ మధ్యవేలూ ఎక్కడున్నాయో ఆయన కళ్ళతో చూసుకుంటున్నారు. వస్తాదు దగ్గరికి వచ్చాడు, ఎగిరాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఎగిరాడు. కొట్టడానికి నా చేతులాడలేదు. నా పిల్లను ఆయన ముందు ఊరికే నిలబెట్టాను.

ఆయన తెర మీంచి కళ్ళు తిప్పకుండా, మెల్లగా, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా అన్నారు. "వదలకండి టీచరు గారు. రైల్లో నన్ను ఏమన్నారో గుర్తుందిగా."

కొట్టాను. నాకు తెలిసిందంతా పెట్టి కొట్టాను. రెండు రౌండ్లూ ఒక్క పట్టు కూడా పడకుండా అయిపోయాయి. ఆయన ఎప్పటిలాగే గట్టిగా నవ్వి, పెట్టెని గోనెసంచిలో చుట్టుకుని, మెట్ల దాకా వెళ్ళి, "ఇప్పుడు మీరు మూడు కొట్టాక ఊపిరి తీసుకోవడం లేదండి" అన్నారు. ఆ షాపుకి ఆయన రావడం అదే ఆఖరు. ఏడాది తిరిగేసరికి షాపు కూడా పోయింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది.

తర్వాత నాకు పెళ్ళయింది, ఇల్లు మారాను, ఆట మానలేదు. ఆ ఆటకి కొత్త భాగం వచ్చినప్పుడు అందులో ఒక సదుపాయం పెట్టారు. కర్ర తిప్పక్కర్లేదు, ఒక్క మీట నొక్కితే పట్టు పడుతుంది. ఆ సంగతి తెలిసిన ఆదివారం ఉదయమే మా ఆయన స్కూటర్ మీద నా గేము పెట్టె పట్టుకుని కడియం వెళ్ళాను. నర్సరీలో ఆఫీసు గదిలో టీవీకి తగిలించాను. ఆయన కంట్రోలరు తీసుకుని ఎడమచేత్తో మీట నొక్కారు. వస్తాదు పట్టుకున్నాడు. మళ్ళీ నొక్కితే మళ్ళీ పట్టుకున్నాడు. వాళ్ళావిడ సంబరపడింది. ఆయన నాలుగైదుసార్లు నొక్కి, కంట్రోలరు బల్ల మీద పెట్టేశారు.

"బాగుందండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తేలిగ్గా ఉంటుంది" అన్నారు. తర్వాత కొత్తగా తెప్పించిన గులాబీ రకం చూద్దురుగాని రమ్మని బయటికి నడిచారు. వైర్లు చుట్టుకుంటుంటే నాకు దుఃఖం వచ్చింది. ఆయనకి గెలుపు తీసుకెళుతున్నాననుకున్నాను. ఆయన పోగొట్టుకున్నది గెలుపు కాదు.

నేను పోగొట్టుకున్నదీ అది కాదు. ఇప్పుడు ఆన్‌లైన్లో ఏ దేశం వాళ్ళతోనైనా ఆడొచ్చు. ఆయనకంటే బాగా ఆడేవాళ్ళు వందలమంది. ఓడిస్తారు, ఓడిపోతారు, వెళ్ళిపోతారు. వాళ్ళ పక్కన కుర్చీ ఉండదు. ఆటయ్యాక ఎక్కడ తప్పు చేశావో చెప్పే గొంతు ఉండదు. ఆదివారం రెండు గంటలైతే ఇప్పటికీ నా కాళ్ళు గుమ్మం వైపు వెళతాయి.

పోయిన నెల విజయవాడలో పోటీకి వెళ్ళాను. తణుకు నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని వస్తాదును ఎంచుకుంది. పాతలాగా కర్ర తిప్పే పద్ధతిలోనే ఆడింది. మూలకి తోసి, ఆగి, నన్ను పట్టుకుంది. ఓడిపోయి లేచాక నాకు ఎవరికైనా చెప్పాలనిపించింది. హాలు బయట మెట్ల మీద నిలబడి కడియం ఫోన్ చేసి, ఒక అమ్మాయి వస్తాదుతో నన్ను పట్టుకుందని చెప్పాను.

"ఎలా పట్టిందండి?" అన్నారు వెంటనే. గొంతులో ఆ పాత ఆత్రం.

మొదటి రౌండు నుంచీ చెప్పాను. ఎక్కడ నిలబడింది, ఏ దెబ్బ కాచుకుంది, ఏ దెబ్బ తిన్నది. ఆయన మధ్యలో "ఊఁ... ఊఁ... అప్పుడు మీరేం చేశారు?" అంటున్నారు. ఆఖరి పట్టు దగ్గరికి వచ్చేసరికి అవతల హారన్ మోగింది, ఎవరో పిలిచారు.

"లారీ వచ్చిందండి. లోడు ఎక్కించాలి. పెట్టెయ్యకండి టీచరు గారు, ఇప్పుడే వస్తాను."

ఫోను ఎక్కడో కింద పెట్టిన చప్పుడు. కూలీల కేకలు, కుండీలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, మధ్యలో ఆయన గొంతు, కొబ్బరి మొక్కలు వెనక వేయమంటూ. లోపల నా పేరు పిలుస్తున్నారు, రెండో వరసలో తర్వాతి ఆటకి. నేను ఫోను చెవికి ఆనించుకుని ఆ మెట్ల మీదే నిలబడ్డాను.